రహస్యాఖ్యాయిక: పఠనక్లేశము, పఠనకాలము

కావ్యవిమర్శకులు రసమును, గుణమును, అలంకారమును విచారింతురు. ఆ కావ్యమునుఁ జదువుట కెంత శ్రమము, ఎంత కాలము పట్టునను ప్రశ్నమును మాత్రము తఱచుగా నడుగరు. అది పుస్తకవిక్రేతలకో, పాఠశాలలఁ దనిఖీ చేయువారికో తగిన ప్రశ్నమని తలంతురు. తక్కిన కావ్యభేదముల విషయమున నీ యుపేక్ష కొంత సహ్యమే కావచ్చును. సెలవుదినములలోఁ జదువఁబడు చిన్న యపరాధపరిశోధకాఖ్యాయిక విషయమున నిది యెంతమాత్రమును సహ్యము గాదు. ఏలయన నందుఁ బఠనక్లేశమును బఠనకాలమును గ్రంథమునకు వెలుపలి సంగతులు గావు, అవి గ్రంథశరీరములోనివి. ఎంత చదివినంతట నేమి తెలియవలె, ఏది యెంతవఱకుఁ దెలియరాదు అనునదియే యందలి శిల్పము.

ఇట్టి కథలు పండితవిమర్శకుఁ బాత్రములు గావనువారు గలరు. చౌర్యము, వధము, వేషధారణము మొదలగు నీచవృత్తాంతములు కావ్యమున కనర్హములని వారి యభిప్రాయము. ఈ పూర్వపక్షము నిలువదు. దండి దశకుమారచరితమున నపహారవర్మ చౌర్యవిద్యను వర్ణించెను. దానినిఁ దెనుఁగుచేసి తిక్కనసోమయాజి కంకితమిచ్చిన కేతన యభినవదండి యని కీర్తిఁగాంచెను. మృచ్ఛకటికమున శర్విలకుఁడు కన్నము వేయునెడ శాస్త్రపద్ధతినిఁ దలపోయును. కావున విషయముచే గ్రంథము నీచము గాదు; నిర్వాహముచేతనే యగును.

తెలుఁగున నీ జాతి గ్రంథము లిరువదవశతాబ్ది ప్రారంభమునందే వెలువడినవి. దేవరాజు వేంకటకృష్ణరావుగారి ‘వాఁడే వీఁడు’ తొలినాఁటివానిలో నొకటి. వంగభాషలోఁ బాంచకడిదేవుఁడు వ్రాసిన పరిశోధకనవలలను వేంకటపార్వతీశ్వరకవులు తెలిఁగించిరి. పిమ్మటఁ గొమ్మూరి సాంబశివరావుగారు (1926-1994) యుగంధరుఁడను పరిశోధకుని, అతని సహాయుఁడగు రాజును గల్పించి యనేక నవలలు రచించిరి. తొలితరమువారి భాష గ్రాంథికము. కొమ్మూరివారి భాష వాడుకది. ఈ మార్పునకు భాషావివాదము కారణమని చెప్పి యూరకుందురు. కాని యీ జాతి కథయొక్క స్వభావమే యీ మార్పును గోరినదా యను ప్రశ్నము మిగిలియున్నది. దానికి సమాధానము వ్యాకరణాలంకారశాస్త్రములలోనే దొరకును.

క్లేశము రెండు విధములు. శబ్దమునఁ గలుగునది యొకటి. అర్థమునఁ గలుగునది వేఱొకటి. అప్రసిద్ధపదములు, దీర్ఘసమాసములు, దూరాన్వయము మొదలగువానివలన మొదటిది పుట్టును. మణి నెవఁడు దొంగిలించెను, తలుపు లోపల గడియపెట్టియుండఁగా హంతకుఁ డెట్లు పోయెను అను జిజ్ఞాసవలన రెండవది పుట్టును. పాఠకుని బుద్ధిశక్తి పరిమితము. ఆ శక్తి శబ్దమును విడఁదీయుటయందే వ్యయమైనచో నర్థరహస్యమును శోధించుటకు మిగులదు. ఆలంకారికులు ప్రసాదగుణమును వివరించుచు, ఎండిన కట్టెయందు నిప్పువలె నర్థము మనస్సున వెంటనే వ్యాపింపవలెనని చెప్పిరి. ఆ గుణ మన్ని రచనలకును వలసినదే. ఈ యాఖ్యాయికకుఁ బ్రాణము. రహస్యము నారికేళమైనను మాట ద్రాక్షగానే యుండవలెను.

శబ్దక్లేశమునుఁ గొలుచు నుపాయములు పాశ్చాత్యదేశములలోఁ బుట్టినవి. రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లోఁ బ్రకటించిన సూత్రము ప్రసిద్ధము. వాక్యమునకు సగటున నెన్ని పదములు, నూఱు పదముల కెన్ని యక్షరములు అను రెండు లెక్కలతో నది గ్రంథసౌలభ్యమును నిర్ణయించును. ఈ సూత్రము నాంగ్లమునకై చేసిరి. తెనుఁగున కట్లే తెచ్చినచోఁ జెల్లదు. ‘తెలియనివానివలె నటించుచున్నాఁడు’ అనునది వ్రాఁతలో రెండే పదములు. ఈ యర్థము నాంగ్లమునఁ జెప్పుటకు సుమారు తొమ్మిది పదములు గావలెను. అందుచేఁ బదసంఖ్యఁ జూచిన మన వాక్యము మిక్కిలి పొట్టిదనియు, అక్షరసంఖ్యఁ జూచిన మన పదము మిక్కిలి కఠినమనియుఁ దోఁచును. రెండును భ్రమలే. విభక్తులు, క్రియాప్రత్యయములు పదమునఁ జేరుట తెలుఁగుబాలునకుఁ గష్టము గాదు. తల్లియొడిలోనే యది యతని కలవడినది.

సంధివిషయ మింకను విశేషము. సంధి చేసి వ్రాసిన వాక్యమునఁ బదసంఖ్య తగ్గును, విడఁదీసిన హెచ్చును, అర్థము మాఱదు. వీరేశలింగము పంతులుగారు వచనమున సంధినియమమును సడలించుటకు సౌలభ్యమే హేతువు. పదచ్ఛేద మెంత ముఖ్యమో యెఱుఁగవలెనన్న దూరము పోనక్కఱలేదు. ముండ్లమూరునకు సమీపముననున్న అద్దంకిలోఁ బండరంగని శాసనము దొరకినది. తొమ్మిదవశతాబ్దినాఁటి యా తరువోజపద్యమున మన శాసనముల యాచారము ననుసరించి పదములనడుమ నెడము లేదు. నేఁడు మనము ముద్రితపుస్తకమునఁ జూచునట్టి పదవిభాగమును శాసనపాఠకుఁడు తానే చేసికొనవలెను. ఆ శ్రమము శాసనపరిశోధనమున కుచితమే. పండుగనాఁడు వినోదమునకుఁ గథ తెఱచిన బాలున కది యుచితము గాదు.

కాఁబట్టి తెనుఁగున శబ్దక్లేశమునుఁ గొలుచుటకుఁ బదసంఖ్యకంటె వేఱు ప్రమాణము కావలెను. శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూఁడును హేతువులని శాస్త్రము. ఒక పదము వినఁగానే పుట్టిన యాకాంక్ష యెంతదూరమున శాంతించును? కర్తకును గ్రియకును నడుమ నెన్ని విశేషణవాక్యములు చొచ్చినవి? ఈ దూరమే నిజమైన కొలత. తెనుఁగున సమాపకక్రియ తఱచుగా వాక్యాంతమున వచ్చును గావున, వాక్యము పెరిగినకొలఁదిఁ జదువరి కర్తను మనస్సున మోయుచు నడువవలెను. మోయఁదగిన బరువు నెఱిఁగి వ్రాయువాఁడే సుబోధరచయిత.

ఇంతవఱకుఁ జెప్పినదానినిబట్టి వాక్యము లెంత పొట్టివైన నంత మేలని యెవరైనఁ దలఁపవచ్చును. అది సరి గాదు. ఒక యుదాహరణమును బరిశీలింపవలెను. ‘గతరాత్రిసమాగతాపరిచితపురుషపాదముద్రాంకితమగు ధూళి ద్వారసమీపమునఁ గాననయ్యెను’ అని యొకఁడు వ్రాసెననుకొందము. ‘రాత్రి యెవఁడో క్రొత్తవాఁడు వచ్చెను. వాకిటిదుమ్ములో వాని యడుగులు గలవు’ అని మఱియొకఁడు వ్రాసెననుకొందము. మొదటిది క్లిష్టము, రెండవది సులభము. అయినను రెండును రహస్యకథకుఁ దగవు. వచ్చినవాఁడు క్రొత్తవాఁడను సంగతి పరిశోధకుఁ డూహింపవలసినది. దానిని రెండవ రచయిత సిద్ధార్థముగాఁ జెప్పివైచి కథను జెఱిచెను. మొదటివాఁడును సమాసమున దానినే చెప్పెను. ‘వాకిటిదుమ్ములో నడుగులు గలవు, ఎడమయడుగు కొంచెము లోఁతుగా దిగినది’ అని వ్రాసినచో మాట సులభము, రహస్యము భద్రము. చూచినదానిని మాత్రము చెప్పి యూహను బాఠకునకు విడుచుట యిందలి నీతి.

ఇచట నొక శాస్త్రరహస్యము గలదు. వాక్యమున విధేయము ప్రధానముగాఁ గనఁబడవలెను. దానిని విశేషణముగా నడఁచివైచినచో నవిమృష్టవిధేయాంశమను దోషమని మమ్మటాదులు చెప్పిరి. ఇతరకావ్యములలో నిది దోషమే. అపరాధపరిశోధకాఖ్యాయికలో నిదియే గుణమగును. కథాంతమున నేది ప్రధానము గానున్నదో, దానిని ముందు ఉపసర్జనముగా, వేఱొకదానికి విశేషణముగాఁ జూపుటయే కవి నేర్పు. పాఠకుఁడు దానిని జూచును గాని లక్ష్యపెట్టఁడు. చూడనే లేదని పిమ్మటఁ గవిని నిందింపవలనుపడదు. దోషములు కొన్ని నిత్యములు, కొన్ని యనిత్యములు అను సిద్ధాంతమునకు నింతకంటె మంచి యుదాహరణము దొరకుట యరుదు.

లక్ష్యముగా నొక ప్రసిద్ధకథను గైకొందము. ఆర్థర్ కోనన్ డాయిల్ వ్రాసిన నీలమణికథ 1892 జనవరిలో స్ట్రాండ్ అను మాసపత్రికలో వెలువడినది. క్రిస్మస్ గడచిన రెండవనాఁడు కథ యారంభమగును. ఇది సెలవుదినరహస్యకథలకు మేలిబంతి. వీథికలహమున నొకఁడు విడిచిపోయిన టోపియు బాతును బీటర్సన్ అనువాఁడు హోమ్స్ పరిశోధకునకుఁ దెచ్చి చూపును. బాతు పీటర్సన్ యింటికిఁ జేరును. దాని క్రోవిలో నొక ప్రభుపత్ని పోఁగొట్టుకొన్న నీలమణి దొరకును. అప్పటికే హార్నర్ అను పనివాఁడు దొంగయని కారాగృహమున నున్నాఁడు. టోపినుండి దాని యజమానునకును, అతనినుండి పానశాలకును, అటనుండి బాతుల నమ్మువానికిని బరిశోధన సాగి, తుదకు నిజమైన దొంగ రైడరని తేలును.

ఈ రైడరు కథాంతమున నాకాశమునుండి యూడిపడినవాఁడు గాఁడు. మొదటిభాగముననే వార్తాపత్రికలోని వృత్తాంతమున నతని పేరు గలదు. అచట నతఁడు హార్నరునకుఁ బ్రతికూలసాక్షి. ఆ వాక్యములలో నిందితుఁడు ప్రధానము, సాక్షి యుపసర్జనము. చదువరి దృష్టి ప్రధానముమీఁదఁ బోవును. దొంగ విశేషణస్థానమున దాఁగియుండును. అట్లే బాతుల నమ్మువాఁడు హోమ్స్ అడుగఁగానే మండిపడును. ఆ బాతులఁగూర్చి యడుగువారితో విసిగిపోయితినని వాని మొఱ. పాఠకున కది వర్తకుని కోపస్వభావమును జూపు హాస్యముగాఁ దోఁచును. మఱియొకఁడు కూడ నా బాతులను వెదకుచున్నాఁడను ముఖ్యార్థ మాకోపమునకు విశేషణమై యడఁగియున్నది. రెండుచోట్లను మాటలు సులభములు. ఒక్కపదమునకైన నిఘంటువు వలదు. క్లేశమంతయు నర్థముననే నిలిచినది.

ఈ కథలో లోపము లేకపోలేదు. తోఁక కడ్డుచారలుగల బాతులు రెండున్నవను విషయము రైడరు తన తప్పు నొప్పుకొనునపుడే తెలియును. ముందు సూచన లేదు. పాఠకుఁడు తానుగా నూహింపఁజాలని దీనిని బ్రకరణలోపముగా నెన్నవలసినదే. అయినను బండుగదినములకుఁ గథతో సంబంధ మలంకారమాత్రము గాదు. పండుగ లేనిచో బాతు లేదు, బాతు లేనిచోఁ గథ లేదు. తుదకు దోషిని బరిశోధకుఁడు క్షమించి విడుచుటయు క్షమకుఁ దగిన కాలమని యుద్దేశించియే. వస్తువునకును గాలమునకును గల యీ యన్వయము సంక్రాంతి పేరు పెట్టి ముగ్గులను మాత్రము వర్ణించు రచయితలకుఁ బాఠము గావలెను.

ఇఁకఁ బఠనకాలము. నీలమణికథ యాంగ్లమున సుమారు 8,000 పదములు. మౌనముగాఁ గథలఁ జదువు వయస్కుఁ డాంగ్లమున నిమిసమునకు సగటున 260 పదములును, పైకిఁ జదువువాఁడు 183 పదములును జదువునని మార్క్ బ్రిస్‌బర్ట్ 2019లో ననేక పరిశోధనములఁ గూర్చి తేల్చెను. ఈ లెక్కను నీలమణికథకు మౌనమున 31 నిమిసములు, పైకిఁ జదివిన 44 నిమిసములు పట్టును. ఎడ్గార్ ఎలన్ పో యను నమెరికాకవి 1842లోనే కథ యరగంటనుండి రెండు గంటలలోపలఁ జదువఁదగినదై యుండవలెనని నిర్ణయించెను. అపరాధపరిశోధనకథకు మూలపురుషులలో నొకఁడైన యతఁడే పఠనకాలమునుఁగూర్చి యింత నిష్కర్షగాఁ జెప్పుట యాకస్మికము గాదు.

ఈ కాలవిచారము మన శాస్త్రముల కపరిచితము గాదు. ద్రుత, మధ్యమ, విలంబిత యను మూఁడు వృత్తులు ప్రసిద్ధములు. ఒక్కొక్క వృత్తియందు వర్ణములకాలము ముందుదానికంటె మూఁడవవంతు హెచ్చునని మహాభాష్యము. అనఁగా 9, 12, 16 అను నిష్పత్తి. అభ్యాసమునకు ద్రుతయు, ప్రయోగమునకు మధ్యమయు, శిష్యోపదేశమునకు విలంబితయుఁ దగునని ప్రాతిశాఖ్యాదులు చెప్పుచున్నవి. ఇవి యుచ్చారణమునకుఁ జెప్పినవి గావున మౌనపఠనమున కుపమానమాత్రములు. అయినను మౌనపఠనమునకు 31 నిమిసములైనచో, నదే నిష్పత్తిని మధ్యమకు 41, విలంబితకు 55 నిమిసములు వచ్చును. నవీనుల 44 నిమిసముల లెక్కకు మధ్యమ మిక్కిలి చేరువ.

మహాభాష్యకారుఁ డిచట నొక దృష్టాంత మిచ్చెను. ఒకే బాటను రథికుఁడు శీఘ్రముగాను, ఆశ్వికుఁ డంతకంటె నాలస్యముగాను, పాదచారి మఱింత యాలస్యముగాను గడచును. బాట మాత్రము మాఱదు. గ్రంథము బాట, పఠనవేగము వాహనము. పుస్తకము పైయట్టమీఁద ‘రెండుగంటలలోఁ జదువవచ్చును’ అని యచ్చొత్తించుట బాటపొడవును వాహనమునుబట్టి చెప్పినట్లగును. శీఘ్రముగాఁ జదువువానిని శిక్షాకారులు పాఠకాధములలోఁ జేర్చిరి. రహస్యకథయందు నా యధమునకు శిక్ష వెంటనే కలుగును: ఉపసర్జనమున దాఁగిన సూచన వాని కంటఁబడదు.

అట్లని యెంత మెల్లగానైనఁ జదువవచ్చునా? చదువరాదు. జామున కొక్కటిగా నుచ్చరించిన పదములు సన్నిధి లేమిచే వాక్యార్థబోధమును గలిగింపవని తర్కసంగ్రహమున నన్నంభట్టు చెప్పెను. రహస్యాఖ్యాయిక యంతయు నొక మహావాక్యము. మొదటిపుటలోఁ బుట్టిన యాకాంక్ష కడపటిపుటలోఁ గాని శాంతింపదు. నడుమ నెలలు గడచినచో మొదటిపుటలోని సాక్షి పేరు మఱపున కెక్కును; రహస్యము విప్పినను ‘ఇతఁ డెవఁడు’ అను ప్రశ్నమే మిగులును గాని యాశ్చర్యము పుట్టదు. వారపత్రికలలో విడివిడిగా వెలువడు పరిశోధకనవలలలోఁ బూర్వకథాసంగ్రహమును బదేపదే చేయవలసివచ్చుట కిదియే కారణము. అట్లు చేసినప్పు డుపసర్జనమును మరల నెత్తిచూపవలెను. చూపినంతనే యది ప్రధానమై రహస్యము చెడును. కావున నీ జాతికిఁ జిన్నపరిమాణ మలవాటువలన వచ్చినది గాదు, సన్నిధివలన వచ్చినది. ఒక్క యాసనమునఁ గాకున్న నొక్క సెలవులోఁ బూర్తికావలెను.

ఈ విచారమునకుఁ బ్రయోజన మేమి యన్నచో ముండ్లమూరు వంటి యూళ్లను దలఁపవలెను. దర్శికిని అద్దంకికిని నడుమనున్న యీ సీమ కృషీవలులది. పశ్చిమముననున్న మార్కాపురపుఁ బలకలమీఁద నెన్నియో తరముల బాలు రక్షరములు దిద్దిరి. తూర్పున సముద్రతీరమునకుఁ జేరువగా వేటపాలెమునఁ 1918లో స్థాపింపఁబడిన సారస్వతనికేతనము పుస్తకసంపదకుఁ బేరొందినది. పలకకును ఆ గ్రంథాలయమునకును నడుమ బాలుఁడు నడువవలసిన బాట దీర్ఘము. పాఠ్యపుస్తకము పరీక్షభయమునఁ జదువఁబడును. ప్రౌఢకావ్యము గురువు లేనిదే యందదు. ఎవరును జెప్పకయే, ఎవరును బరీక్షింపకయే బాలుఁడు తనంతఁ దాను దుదిముట్టఁ జదివిన మొదటిపుస్తకము తఱచుగాఁ గథాపుస్తకమే యగును. ఆ యొక్కటి మధ్యలో నాఁగిపోయినచో రెండవపుస్తకము వాని చేతికి రాకపోవచ్చును. ఇదియే యిందలి నిజమైన నష్టము.

సంక్రాంతిసెలవులు కొన్ని దినములు మాత్రమే. అందును బొలముపని, బంధువుల రాకపోకలు, పండుగపనులు పోఁగాఁ జదువునకు దినమున కొకగంట మిగిలిన గొప్ప. నూఱుపుటల యాఖ్యాయికలోఁ బుటకు 200 పదములున్నచో మొత్తము 20,000. నిమిసమునకు నూఱు పదములు చదువు బాలునకు నది మూఁడుగంటల యిరువది నిమిసముల పని, నాలుగుదినములలో ముగియును. నిమిసమునకు నలువది మాత్రమే చదువువానికిఁ ఎనిమిదిగంటల యిరువది నిమిసములు, అనఁగాఁ దొమ్మిదిదినములు. సెలవు ముగియును, కథ ముగియదు, సన్నిధి తెగును. అట్టివానికి నీలమణికథవంటి చిన్నది తగును, లేదా యేప్రిలు చివరనుండి జూను రెండవవారమువఱకుఁ గల వేసవిసెలవు తగును. ఇంటిలోఁ జదువురాని పెద్దలకుఁ బైకిఁ జదివి వినిపించువానికిఁ గాల మింకను హెచ్చును. కాని సందేహముల నడుగు శ్రోతలుండుటచే నర్థక్లేశము తగ్గును. ఇది మౌనపఠనమున లేని లాభము.

ఈ లెక్కకుఁ బరదేశసూత్రము లక్కఱలేదు. పాఠశాలపండితుఁడు పుస్తకములోఁ దొలిపుట, సాక్ష్యము విచారించు నడిమిపుట, రహస్యము విప్పు కడపటిపుట, ఈ మూఁటినిఁ బరీక్షింపవలెను. తొలిరెండిటిని బాలునిచేఁ జదివించి నిమిసములను గుర్తించి సగటు తీసి పుటలసంఖ్యచే గుణించినఁ గాలము తెలియును. కడపటిపుటను బాలునకుఁ జూపక తానే చదివి యందలి ప్రధానాంశములు మొదటినుండియు నుపసర్జనములుగా నున్నవో లేవో చూడవలెను. బాలుఁ డాఁగినచోట నది పదముచేత నాఁగినదా, ఆలోచనచేత నాఁగినదా యని విడఁదీయవలెను. పదముచేత నాఁగినచో దోషము రచయితది. ఆలోచనచేత నాఁగినచో రచయిత కృతార్థుఁడు.

కావున సిద్ధాంత మిది. రహస్యాఖ్యాయికయందు శబ్దక్లేశము దోషము, అర్థక్లేశము గుణము. తెనుఁగున శబ్దక్లేశమునుఁ బదసంఖ్యచేఁ గాక యాకాంక్షాదూరముచేఁ గొలువవలెను. పఠనకాలము సన్నిధి తెగనంతటిదై యుండవలెను. గ్రాంథికమో వ్యావహారికమో యనునది రెండవ ప్రశ్నము. కొమ్మూరివారి సుబోధత యా జాతి కథ కనుగుణమని యంగీకరించుటవలన గ్రాంథికమున కవమానము లేదు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో బాలురకై వెలసినదే గదా. ఏ భాషలో వ్రాసినను జదువరి బుద్ధిని బదములవాకిట నాఁపివేయక రహస్యముయొక్క లోపలిగదికిఁ గొనిపోవువాఁడే యీ జాతి రచయితలలో శ్రేష్ఠుఁడు. పండితులు పక్షపాతమును విడిచి యీ మార్గమున గ్రంథములఁ బరీక్షించి, బాలురచేతికిఁ దగినవాని నందిచ్చెదరు గాక.